ఒకే గది, తొమ్మిది బోర్డులు

ఓడరేవు నగరంలో ఉన్నప్పుడు రోజుకు నలభై కొత్త వ్యాపారాలు నమోదు చేసేవాడు ఆ ఆఫీసరు. బదిలీ మీద ఈ కొండ ఊరికొచ్చాక నెలకు రెండు దరఖాస్తులొస్తే గొప్ప. "ఇక్కడి జనానికి చొరవ లేదు" అని పైవాళ్లకు రిపోర్టు రాసి పడేశాడు.

ఆ వారమే మోటారక్క వచ్చింది. నీటి పంపులు బాగుచేసే మనిషి. చేతులకు గ్రీజు, భుజాన పానాల సంచి. ఆమె దరఖాస్తు అప్పటికే రెండుసార్లు వెనక్కి పోయింది.

"దుకాణం అడ్రసు రాయలేదేంటమ్మా?"

"దుకాణముంటే కదా బాబూ రాయడానికి! పంపు నా దగ్గరికి నడిచొస్తుందా?"

"నగరంలో అందరూ రాస్తారు."

"అక్కడ జనమే గుమ్మం తొక్కుతారు. ఇక్కడ అందరి గుమ్మాలూ మేం తొక్కాలి. రేపు సెలవేగా, రండి చూపిస్తా."

మొహమాటానికి వెళ్లాడు. ఆమె డొక్కు వ్యానులో ఏడు పల్లెలు తిరిగారు. ఒకచోట స్క్రూడ్రైవరు కొన పంపుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, "బేరింగు పోయింది" అనేసింది. విప్పి చూస్తే అదే! అతను నోరెళ్లబెట్టాడు. దారిలో కళ్లద్దాలు అమర్చేవాడు, కుట్టుమిషన్లు బాగుచేసేవాడు, కత్తులు సానపట్టే ఆమె ఎదురయ్యారు. ఎవరికీ దుకాణం లేదు. ఎవరికీ క్షణం తీరికా లేదు. అతనికి తల కొట్టేసినట్టయింది.

సోమవారమే తన రిపోర్టు తప్పని ఒప్పుకుంటూ, వ్యాపారానికి గది ఉండి తీరాలన్న షరతు తీసేయమని పైకి రాశాడు. అన్ని ప్రాంతాలకూ ఒకటే రూలని జవాబొచ్చింది.

మొహం వేలాడేసుకుని చెబితే, మోటారక్క చేతిలోని పానా పక్కన పెట్టింది. "సరే, గది ఉండాలి. ఒక గదికి ఒకే వ్యాపారమని రాసుందా?"

అతను రూలు పుస్తకం మూడుసార్లు తిరగేశాడు. ఎక్కడా లేదు.

పది రోజుల్లో బస్టాండు మీది గదికి తొమ్మిది బోర్డులు వేలాడాయి. లోపల ఒక బల్ల, ఒక ఫోను. రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఏ పల్లెలో ఎవరి అవసరముందో రాసుకుంటోంది. తొమ్మిది దరఖాస్తుల మీదా అతను ఒక్క పూటలో సంతకం పెట్టాడు.

ఒకే అడ్రసుకు తొమ్మిదేమిటని పైవాళ్లు ఆరా తీయడానికి వచ్చారు. మోటారక్క వాళ్లనూ వ్యానెక్కించింది. మరుసటి ఏడు ఫారంలో 'ఊరూరా తిరిగి చేసే వ్యాపారం' అనే కొత్త గడి చేరింది.

ఆ ఫారం పట్టుకుని అతను ఆమెను వెతుక్కుంటూ పరిగెత్తాడు. బావిలో నడుములోతు నీళ్లలో ఉంది.

"అక్కా, సాధించావు!"

"సంతోషం బాబూ. ముందా తాడు గట్టిగా పట్టుకోండి, పంపు పైకొస్తోంది."

ఫారం జేబులో కుక్కుకుని, చొక్కా చేతులు పైకి మడిచి తాడందుకున్నాడు.