ఆరింటి క్లాసు

“నీ కంప్యూటరు మళ్లీ మొండికేసినట్టుందే,” అన్నారు మా అత్తయ్య తులసీబాయి వంటింట్లోంచి. తెర మీద చిన్న గుండ్రం తిరుగుతూనే ఉంది. ఆ మాటకు నేను తికమకపడ్డాను. ఇది నాదెప్పుడైంది? కొన్నప్పుడు ఇది మా ఆయన రఘుది. చుట్టాలొస్తే ‘మా కంప్యూటరు’. రైలు టిక్కెట్లకూ పెళ్లి ఫోటోలకూ ప్రవచనాలకూ మనింటి కంప్యూటరు. నెమ్మదించినప్పటి నుంచి మాత్రం నాది. ఆ అప్పగింత ఎప్పుడు జరిగిందో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు.

రోజూ సాయంత్రం ఆరింటికి నేను దీన్లోనే క్లాసు చెబుతాను. చిన్నప్పుడు బడి మానేసి, ఇప్పుడు ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్ష రాస్తున్న ఆడవాళ్లకు లెక్కలు. కృష్ణగిరి నుంచి హులిగమ్మ, కోడుమూరు నుంచి శాంతమ్మ, ఇంకా కొందరు. కూలి పనుల నుంచి వచ్చి, ఫోను గోడకానించి కూర్చుంటారు. పరీక్షలు దగ్గరపడ్డాయి. సరిగ్గా ఇప్పుడే ఇది క్లాసు మధ్యలో బిగుసుకుపోతోంది. నా గొంతు తెగిపోతుంది, లెక్క సగంలో ఆగిపోతుంది. నిన్న హులిగమ్మ ఫోన్ చేసింది. “అక్కా, నువ్వు సెప్పేది సగమే ఇనపడతాంది. ఇట్లయితే సదువు సాల్లే అంటాండాడు మా ఆయన. ఏం సేద్దుము?” నాకు మాత్రం ఏం తెలుసు? రేపు చూద్దాంలే అని ఫోన్ పెట్టేశాను.

రఘు ఎమ్మిగనూరులో ప్రైవేటు కాలేజీ లెక్చరరు. పొద్దున బస్సెక్కితే చీకటి పడ్డాకే ఇంటికి. ఈ ఇంట్లో తను చెప్పేది పాఠం, నేను చెప్పేది కాలక్షేపం. “కనపడిందంతా దాంట్లో నింపుతాండావు దీపా, అందుకే కదల్లేకుండా ఉంది. ఆదివారం పాత సామాన్ల అంగడికి ఇచ్చేస్తా. అయినా ఈ వయసులో వాళ్లు పది పాసై కలెక్టర్లయ్యేదుందా?” అన్నాడు నిన్న రాత్రి చారన్నం కలుపుకుంటూ. నాకు కోపం రావాలి. రాలేదు. నిజంగానే నేనేమన్నా అడ్డమైనవీ నింపానా అనుకున్నాను. ఈ ఇంట్లో ఏది చెడినా ముందు నేనేం చేశానా అని వెతుక్కోవడం నాకు అలవాటైపోయింది. పాలు విరిగినా అంతే, రఘుకు జలుబు చేసినా అంతే.

ఆపి మళ్లీ వేశాను. వైరస్ ఉందేమోనని వెతికించాను. లేదంది. సరే, బరువు తగ్గిద్దామని లోపల ఏమున్నాయో చూశాను. ఆడపడుచు సీమంతం వీడియోలు, రఘు కాలేజీ వార్షికోత్సవాలు, అత్తయ్య ప్రవచనాలు. ఒక మూల నా పాఠాలు. నేను తీసేసినవి ఏవంటారా, నా పాఠాలే. మొదటి క్లాసు నుంచి రికార్డు చేసి దాచుకున్నవన్నీ తీసేశాను. మిగతావి ముట్టుకోవాలంటే ఒకరినడగాలి. నావాటికి ఎవర్నీ అడగక్కర్లేదు కదా. అంతా అయ్యాక చూస్తే గుండ్రం తిరుగుతూనే ఉంది. అప్పుడొచ్చింది ఏడుపు.

ఏడుపు మధ్యలోనే ఒక సంగతి తట్టింది. పొద్దున వేస్తే ఇది బాగానే నడుస్తుంది. కాసేపయ్యాకే మొరాయిస్తుంది, లోపల ఫ్యాను రొద పెడుతుంది. బల్ల కింద సీపీయూ డబ్బా మీద చెయ్యి పెడితే పెనంలా కాలుతోంది. ప్లగ్గు పీకి, కుక్కరు పిడి బిగించే స్క్రూడ్రైవరుతో మూత ఊడదీశాను. ఫ్యాను రెక్కలు కనబడలేదు. వాటి నిండా తెల్లటి మందపాటి పొర. దుమ్మనుకుని గిల్లితే పీచులా సాగింది. పత్తి.

మొదట మా ఆదోని గాలిని తిట్టుకున్నాను, ఊరి నిండా పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులే కదా అని. కానీ మా వీధిలో అందరిళ్లలోనూ కంప్యూటర్లున్నాయి. ఏ ఇంట్లోనూ ఇలా కాలేదు. అత్తయ్య లక్షబత్తి నోము పట్టారు. దీపాలకు లక్ష దూది బత్తులూ ఇంట్లోనే చేసి కార్తీకంలో స్వామికి వెలిగించాలి. నోము అత్తయ్యది, వేళ్లు నావి. “నోరు పాఠం చెప్తాంటే చేతులేం చేస్తాండాయే, ఖాళీయే కదా?” అని పళ్లెం నిండా దూది తెచ్చి నా ఒళ్లో పెట్టారు. క్లాసు జరిగినంతసేపూ బల్ల కింద నా చేతులు దూది ఏకుతూ, నలుపుతూ ఉండేవి. కాళ్ల పక్కనే ఈ డబ్బా. లెక్క రాసి చూపించడానికి చెయ్యి తీరదని ముందే టైపు చేసి తెర మీద పెట్టేదాన్ని. “మా దీప ఒకేసారి రెండు పనులు చేస్తాది” అని రఘు చుట్టాల ముందు అన్నప్పుడు నాకెంత సంతోషమైందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

బత్తులు చేసినవాళ్లకు పుణ్యమా, నోము పట్టినవాళ్లకా అని ఒకసారి అడిగాను. “ఎవరికైతేనేమే, మనింటికే కదా,” అన్నారు అత్తయ్య. పుణ్యం మనింటికి. చెడిన కంప్యూటరు నాకు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తేలక, పాత టూత్‌బ్రష్షుతో ఆ పత్తంతా దులుపుతూ చాలాసేపు నేల మీదే కూర్చున్నాను. మూత బిగించి వేస్తే బుద్ధిగా తెరుచుకుంది. ఎంతసేపు నడిపినా ఆగలేదు.

అత్తయ్యకు పత్తి ముద్ద చూపించాను. “అయ్యో, ఇంతేనా! దానిమీద ఒక గుడ్డ కప్పి కూర్చో. బత్తులింకా సగం గూడా కాలేదు.”

“గుడ్డ కప్పితే ఇంకా వేడెక్కుతుంది అత్తయ్యా.”

“అయితే క్లాసే రోంత తగ్గించుకో.”

ఆమె ముఖంలో చెడ్డతనం ఏమీ లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది. ఆమె కూడా వాళ్లత్తగారి నోముకు బత్తులు చేసిన మనిషే. ఆ వేళ్ల కొసలు ఇప్పటికీ వంకర. నేనూ ఇలాగే, ఎవరో పిల్ల ఒళ్లో ఒకరోజు పళ్లెం పెడతానా?

ఆరు కాకముందే గది తలుపు వేసి లోపల గడియ పెట్టుకున్నాను. పగటిపూట మా ఇంట్లో కోడళ్లు గడియ పెట్టరు. కాసేపటికి తలుపు చప్పుడైంది. “ఏమే, తలుపేసుకున్నావు? దూది తెచ్చినా.”

“క్లాసులో ఉన్నానత్తయ్యా. ఇంక మీద బత్తులు నేను చేయను. రఘు వచ్చినాక పక్కన కూర్చోబెట్టుకోండి.”

అవతల పళ్లెం నేల మీద పెట్టిన శబ్దం వినిపించింది. నేనన్నది తప్పో ఒప్పో నాకు తెలియలేదు. లేచి వెళ్లి గడియ తీద్దామా అని కూడా అనిపించింది. తీయలేదు. కెమెరాను కాగితం వైపు వంచి, పెన్ను పట్టుకుని మొదటి లెక్క రాయడం మొదలుపెట్టాను. తెర ఆగలేదు. ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. ఆగకుండా అంకె మీద అంకె వేస్తుంటే అటు నుంచి హులిగమ్మ నవ్వింది.

“నీకు సేతులుండాయని ఈ పొద్దే సూస్తాండాను గదక్కా.”