పేరు చివరి అంకె

మా తోడికోడలిది ఆఫీసులో నా పక్క బల్లే. ఇంట్లో ఒకే వంటగది, ఇక్కడ ఒకే కిటికీ. లినక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థను జనానికి అందించే సంస్థ మాది; దాని మీద నడిచే ప్రోగ్రాములను మేం ప్యాకేజీలుగా కడతాం. ఒక ప్రోగ్రామింగ్ భాష రన్‌టైమ్, అంటే ఆ భాషలో రాసినవన్నీ దేని మీద నడుస్తాయో అది, తొమ్మిదేళ్లు నా చేతిలో ఉంది. పోయిన నెల మా టీం పెద్దాయన దాన్ని ఆమెకిచ్చి, నన్ను సరిచూసే పనికి కూర్చోబెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికెళ్తే అత్తగారి నోట చిన్నకోడలి తెలివి గురించి ఒకటే భజన. మా ఆయన కూడా తలూపాడు.

సోమవారం ఆమె కొత్త రన్‌టైమ్ నా ముందు పెట్టింది. పాతదానితో కట్టిన ప్రోగ్రాములు కొత్తదాని మీద కూడా ఉన్నవి ఉన్నట్టే నడవాలి. నడవవని తేలితే రెండూ వేర్వేరని తెలిసేలా ఆ రన్‌టైమ్ ఫైలు పేరు చివరి అంకె మార్చి, అన్నిటినీ మళ్లీ కట్టాలి. రెంటినీ పోల్చే పరీక్ష నడిపాను. లోపల డేటా దాచే ఒక నిర్మాణం ఎనిమిది బైట్లు పెరిగింది, అంటే పాత ప్రోగ్రాములు దీనితో పొసగవు. ఆమె అంకె మాత్రం మార్చలేదు. ఇలాగే విడుదలైతే పాతవన్నీ కూలతాయి, రన్‌టైమ్ నా దగ్గరికే వస్తుంది. బాగుందని రాసి ఆమోదించాను.

గురువారం విడుదలైంది. శుక్రవారం పొద్దున్నుంచీ ఫిర్యాదులే. ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షల ఫలితాలు అచ్చువేసే ప్రోగ్రాం తెరవగానే ఆగిపోతోందట, వాళ్లు అన్నీ చేత్తో రాసుకుంటున్నారట. పెద్దాయన ఇద్దరినీ పిలిచి, నీకూ కనిపించలేదా అని నన్నడిగాడు. గమనించలేదన్నాను. తప్పంతా తనదేననీ, సరిగ్గా చూసే వ్యవధి నాకివ్వలేదనీ ఆమె చెప్పింది. ఆయన అక్కడికక్కడే రన్‌టైమ్ నాకప్పగించాడు.

బయటికొచ్చాక ఆమె మెల్లగా అంది. "ఎవరెప్పుడేం నడిపారో సర్వర్ లాగ్‌లో చూశానక్కా. ఆ పోల్చే పరీక్ష నువ్వు సోమవారమే నడిపావు."

"మరి ఆయనకెందుకు చెప్పలేదు?"

"చెబితే నీ ఉద్యోగం పోతుంది. ముందు ఆ అంకె మార్చు. ల్యాబ్ వాళ్లు ఎదురుచూస్తున్నారు."

తన బల్ల దగ్గర కూర్చుని, మళ్లీ కట్టాల్సిన వాటి జాబితా తయారుచేయడం మొదలుపెట్టింది. నా వైపు చూడలేదు. నాకు సిగ్గేసింది, కాదనను. కానీ దానికంటే ముందు, ఆ నిబ్బరం ఆమెకే ఎందుకుండాలని కుళ్లుకున్నాను.