గలగలలాడిన పళ్లెం

మా అత్తగారు టైలర్. చేతులకు వణుకుడు జబ్బు పట్టి ఏళ్లు గడిచాయి. ఇప్పుడు కుట్టుమిషన్ నా చేతికొచ్చింది, సలహాలు మాత్రం ఆవిడ దగ్గరే ఉండిపోయాయి. ప్రార్థన చేయని రోజు లేదు, వణుకు తగ్గిన రోజూ లేదు.

చర్చిలో ప్రభుబల్ల ఆదివారం, ప్రభువు రక్తానికి గుర్తుగా ఇచ్చే ద్రాక్షరసం పంచిపెట్టమని పాస్టరుగారు ఎప్పుడడిగినా, “ముందు నా చేతులు బాగుచేయమనండి ఆ ప్రభువుని, తర్వాత చూద్దాం” అని అత్తయ్య కసిరేవారు.

ఈ ఆదివారం మాత్రం పాస్టరుగారు అలా అడిగారో లేదో, అత్తయ్య ఇలా లేచి నిలబడ్డారు. చెయ్యి పట్టుకుని ఆపాను.

“అత్తయ్యా, మీకెందుకొచ్చిన గొడవ? కూర్చోండి.”

“బాగయ్యాకే మాట వింటానంటే దాన్ని బేరం అంటారే, నమ్మకం అనరు. వదులు!”

చిన్న చిన్న గాజు గ్లాసులున్న పళ్లెం ఎత్తగానే అన్నీ ఒకటే గలగల. పాడేవాళ్లు పాట ఆపేశారు. మొదటి వరుస దాటేసరికే ఆవిడ తెల్లబట్టల మీద ఎర్రటి మరకలు. సంఘపెద్ద పరుగున వచ్చాడు.

“ఇలా ఇవ్వమ్మా, అంతా ఒలికిపోతోంది!”

అత్తయ్య పళ్లెం వదల్లేదు. తలెత్తి అందరికీ వినబడేలా అన్నారు:

“ఒలికితే ఒలకనీ నాయనా! ఆయన రక్తం ఒలకబట్టే కదా మనమంతా ఇక్కడున్నాం!”

పెద్దాయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, తలవంచి దారిచ్చాడు. వెనకనుంచి ఎవరో పాట అందుకున్నారు. సంఘమంతా లేచి గొంతు కలిపింది. చివరి వరుస దాకా ఆ గ్లాసులే మాకు తాళం.