కింద గ్యారేజీ, పైన ఊయల

ముందు నేలకు పట్టిన నూనె జిడ్డు గీకాలి. సర్ఫు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. నిన్న నసీరుద్దీన్ తనకు తోచినట్టు పరిచిన ప్లాస్టిక్ బిళ్ళలన్నీ ఊడదీయాలి. వాటి చప్పుడుకు ఏదో ఒక మందు కనిపెట్టాలి. మళ్ళీ పరచాలి. పన్నెండింటికి పైనింట్లో పసిపాపకు స్నానం చేయించి ఊయలలో వేసేలోపు ఇదంతా అయిపోవాలి.

డానియేలు పనులు లెక్కపెట్టుకుంటూనే మోకాళ్లకు పాత గుడ్డలు చుట్టుకున్నాడు. అరవై రెండేళ్ల మనిషి. సన్నటి ఒళ్లు, వెడల్పాటి అరచేతులు, ఎంత తోమినా గోళ్ల చుట్టూ వదలని సిమెంటు గీత. ఎడమ చెవి సరిగా వినపడదు. మొజాయిక్ నేలలకు పాలిష్ పట్టే మిషను పక్కన పన్నెండేళ్లు నిలబడ్డందుకు మిగిలిన ఫలం అది. తండ్రి ఒక ఆస్పత్రిలో నేలలు కడిగేవాడు. కొడుకు నేలలు వేయడం నేర్చుకున్నాడు. షాబాదు బండలు, మొజాయిక్, మార్బుల్, టైల్స్... కాలం ఏది తెస్తే అది పరిచాడు. గౌలిపురలో తన రెండు గదుల ఇంటికి మాత్రం ఇప్పటికీ సిమెంటు గచ్చే. భార్య రాహేలు ఆ మాట ఎత్తినప్పుడల్లా నవ్వి ఊరుకుంటాడు.

పాతబస్తీ జహనుమాలోని నసీరుద్దీన్ బైకుల గ్యారేజీకి ఒకటే షట్టరు. దాన్ని తొమ్మిదేళ్లుగా అద్దెకు తీసుకుని నడుపుతున్నాడు. పైన ఇంటామె నాగమణమ్మ ఉంటుంది. ఆమె కూతురు కమల పురిటి పాపతో ఆస్పత్రి నుంచి వచ్చి నాలుగు రోజులైంది. కింద బండికి డబుల్ స్టాండు వేసినా, పానా చేయిజారి పడినా పైన పాప ఉలిక్కిపడి లేస్తోంది. చప్పుడు తగ్గుతుందని నసీరుద్దీన్ ఎరుపూ నలుపూ ప్లాస్టిక్ బిళ్ళలు కొని తెచ్చాడు. ఒకదాని అంచు ఇంకోదానిలో ఇరుక్కుంటుంది. సిమెంటు అక్కర్లేదు. తీరా పరిచాక చప్పుడు రెండింతలైంది. అందుకే ఈ పొద్దున డానియేలును పిలిపించాడు.

నాగమణమ్మ మెట్ల మీద నిలబడి చెప్పింది.

"ఇయ్యాల గూడ బిడ్డ లేసిందనుకో నసీరూ, పై నెలకెల్లి వేరే జాగ చూస్కో. తొమ్మిదేండ్ల సంది ఉన్నవని మొఖం చూస్తున్న, గంతే."

"జర మధ్యానం దాకా ఆగమ్మా," అన్నాడు డానియేలు. "గప్పటికీ లేస్తే నువ్వన్నట్టే కానియ్యి."

ఆమె లోపలికి వెళ్లగానే నసీరుద్దీన్ గొంతు తగ్గించాడు.

"వీడియోల చూసి కొన్న చాచా. మస్తు మెరుస్తున్నయ్ అనుకున్న."

"నువ్వు కండ్లతోని కొన్నవ్ భాయ్. పైన అమ్మ చెవులతోని ఇంటున్నది."

"అమ్మినోడు వాపస్ తీస్కోమంటే తీస్కోడంట. రబ్బరువి తేవాల్నా మరి?"

"రబ్బరు చప్పుడు తింటది, నిజమే. గని పెట్రోలు గూడ తాగుతది. ఆర్నెల్లకు ఉబ్బుతది. మెత్తటి వినైలు ఏస్తే టైర్ల మచ్చలు పడ్తయ్, ఎంత కడిగినా పోవు. నీ పనికి పైన గట్టిదే ఉండాలె. ఆగు, చూద్దాం."

డానియేలు ఒక బిళ్ళ పెట్టి, నేల మీద పడుకుని, కుడి చెవి దానికి ఆనించి వేలి మెటికతో తట్టాడు. బండలు పరిచే రోజుల నుంచీ అదే పద్ధతి. బండ డొల్లగా మోగిందంటే కింద సిమెంటు మాలు సరిగా పడలేదని అర్థం. ఎన్ని బండలు అలా విని, లేపి, మళ్ళీ కూర్చోబెట్టాడో. బిళ్ళను తిరగేశాడు. అడుగున అంతా సన్నటి కాళ్లు, వాటి మధ్య ఖాళీ గళ్లు.

"ఇగో, దొంగ దొరికిండు," అన్నాడు. "కింద డొల్ల. డోలు కొట్టినట్టు మోగక ఏం జేస్తది?"

కాళ్ల కింద మెత్తటిది ఏదైనా పరవాలి. పైన బిళ్ళ కాస్తుంది కాబట్టి రబ్బరైనా ఫరవాలేదు. చుట్టూ చూశాడు. మూలన ఏళ్ల తరబడి పోగుపడ్డ పంక్చర్ ట్యూబుల మూటలు కనిపించాయి.

నేల గీకి, కడిగి, ఆరాక నసీరుద్దీన్ ట్యూబులను నిలువునా చీల్చి కడిగి ఇస్తుంటే, డానియేలు వాటిని పక్కపక్కనే పరిచాడు. ఒకదాని మీద ఒకటి ఎక్కనివ్వలేదు. ఎక్కితే బిళ్ళ ఊగుతుంది, ఊగితే మోగుతుంది. వాటిపైన బిళ్ళలు పెట్టి అరచేత్తో నొక్కి ఇరికించాడు. నాలుగు గోడల దగ్గరా వేలెడు సందు వదిలాడు.

"గది ఎందుకు చాచా? చెత్త పడ్తది."

"ఎండకు బిళ్ళ సాగుతది. గోడకు తగిలితే ఉబ్బి లేస్తది. ఇంకోటి, చప్పుడు గోడ పట్టుకొని పైకి ఎక్కుతది. దానికి నిచ్చెన ఎందుకు ఇయ్యాలె?"

పన్నెండున్నరకు పైనుంచి సాంబ్రాణి వాసన వచ్చింది. కమల కిటికీలోంచి చెయ్యి ఊపింది. పాప పడుకుంది. నాగమణమ్మ మెట్ల మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నసీరుద్దీన్ బండిని డబుల్ స్టాండు మీదికి లాగాడు. మెత్తగా 'దబ్' అంది, మూట దించినట్టు. కిటికీలో కమల తల అడ్డంగా ఊపింది. లేవలేదు. పానా వదిలాడు. లేవలేదు. పెద్ద పానా తీసి నడుమెత్తు నుంచి వదిలాడు. పాప కదలను కూడా కదల్లేదు.

"చాచా!" అని నసీరుద్దీన్ గావుకేక పెట్టి డానియేలును ఎత్తి గిరగిరా తిప్పాడు.

పైన పాప కెవ్వుమంది.

నసీరుద్దీన్ అతన్ని గబుక్కున నేల మీదికి దించేశాడు. నాగమణమ్మ మెల్లగా లేచింది.

"బిళ్ళలు మంచిగనే ఉన్నయ్," అంది. "ఓ ట్యూబు ముక్క మిగిలితే నీ నోటికి గూడ పెట్టుకో. జాగ ఏడికి పోదు గని, ఇద్దరూ పైకి రార్రి, అన్నం తిందురు."

కమల నవ్వు ఆపుకోలేక కిటికీ పట్టుకుంది. డానియేలు కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ముప్పై ఏడేళ్లలో ఎన్నో ఇళ్లకు నేలలు వేశాడు. వేసిన నేల మీద కూర్చుని ఇంతగా నవ్వింది ఈ ఒక్కచోటే.

పైన పప్పన్నం తింటుంటే పాప మళ్ళీ ఊయలలో పడింది. ఊగినప్పుడల్లా దూలానికున్న ఇనుప కొక్కెం కిర్రుమంటోంది. డానియేలు చెయ్యి కడుక్కుని స్టూలు ఎక్కాడు. జేబులోంచి చిన్న ట్యూబు ముక్క తీసి గొలుసుకూ కొక్కేనికీ మధ్య మడిచి పెట్టాడు. కిర్రు ఆగింది. కమల దండం పెట్టబోతే వద్దని, పాప అరికాలును వేలితో ముట్టుకుని దిగి వెళ్లిపోయాడు.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. రాహేలు కంచం తెచ్చేసరికి ప్రాణం పోయింది. నిద్రపోయినట్టే ఉన్నాడంది రాహేలు. నసీరుద్దీన్ షట్టరు దించి వెళ్లి శవపెట్టె మోశాడు.

మీరెప్పుడైనా జహనుమా వైపు వెళ్లి, బండి స్టాండు వేసినా చప్పుడు రాని గ్యారేజీ ముందు నిలబడితే డానియేలును ఒక్కసారి తలుచుకోండి. పైన పాప ఊగుతూనే ఉంటుంది, కొక్కెంలో బొటనవేలంత నల్లటి ట్యూబు ముక్క మీద.