దీపధారి ఆడిందెవరు

పోయిన ఏడాది ఒక ఆట వచ్చింది. అందులో ముసలి కుక్కను అడవిలో వదిలేసి ముందుకు నడవాలి. అక్క అక్కడికొచ్చేసరికి కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "దాన్ని వదల్లేక ఆట ఆపేసి, కాసేపు బట్టలు మడతపెట్టుకుని మళ్లీ వచ్చాన్రా" అని తమ్ముడితో చెప్పుకుంది కూడా. వారం తిరక్కుండానే తమ్ముడు తన ఛానెల్లో, ఆ ఏడాది తనకు బాగా నచ్చిన ఆటల గురించి చెబుతూ, "దాన్ని వదల్లేక ఆట ఆపేసి బట్టలు మడతపెట్టుకున్నాను ఫ్రెండ్స్" అని కళ్లొత్తుకున్నాడు. వాడు బుద్ధెరిగాక ఒక్క చొక్కా మడతపెట్టిన పాపాన పోలేదు.

అక్కకు కడుపుమంట మొదలైంది ఆ రోజే.

ఆ ఇంట్లో నిజంగా ఆటలాడేది ఆవిడే. పగలంతా కట్టుడుపళ్లు చేసే ల్యాబులో మైనం చెక్కి, పళ్లు అరగదీసి, సాయంత్రం ఇంటికి రాగానే హాల్లో టీవీ ముందు కూర్చునేది. ఆట సగంలో పడ్డాక తమ్ముడు వచ్చి సోఫాలో వాలి, చిప్స్ నములుతూ, ఆవిడ అనే ప్రతి మాటా చెవిన వేసుకునేవాడు. చివరి ఘట్టానికి ముందు ఆవిడ సేవ్ చేసి పెట్టిన చోటు నుంచి తన గదిలో కెమెరా ముందు ఆడేవాడు. అక్కడికి మిగిలేది నాలుగడుగులు నడవడం, నోరెళ్లబెట్టి చూడడం. ఆ మాత్రానికి జనం వాడికిచ్చిన బిరుదు 'ఆటలన్నయ్య'.

"ఒక్కసారి చెప్పరా, ఆడింది మా అక్కేనని" అని అక్క అడిగి చూసింది.

వాడు పగలబడి నవ్వాడు. "పళ్ల సెట్లు చేసుకునే నీ మాట ఎవడు వింటాడక్కా?"

"పోనీలేవే, వాడేమైనా పరాయివాడా" అని వంటింట్లోంచి అమ్మ అందుకుంది. ఆ 'పోనీలే' విని విని అక్క చెవులు తుప్పుపట్టాయి. చిన్నప్పుడు బొమ్మలు పోనీ, పెద్దయ్యాక గాలి వచ్చే గది పోనీ, ఇప్పుడు కన్నీళ్లూ పోనీ. ఏడుపైనా సొంతంగా ఏడవనివ్వరా ఈ ఇంట్లో?

ఈ ఏడు ఆవిడకు అన్నింటికంటే నచ్చిన ఆట 'దీపధారి'. ఒక మనిషి చేతిలో దీపంతో చీకటి లోయలన్నీ దాటి కొండ శిఖరం చేరుకోవాలి. మొదలుపెట్టగానే నీ పేరేమిటని అడుగుతుంది. ఆ తర్వాత ఆ పేరు మళ్లీ ఎక్కడా కనబడదు. చిట్టచివర, శిఖరం మీది బండరాయి మీద మాత్రం తాటికాయంత అక్షరాలతో చెక్కుతుంది. ఆ సంగతి తెలిసిన సాయంత్రం తమ్ముడు ఇంట్లో లేడు. అక్క తన పేరు కాసేపు తనివితీరా చూసుకుంది. తర్వాత ఆ సేవ్ చెరిపేసి, ఆట మళ్లీ మొదట్నుంచి ఎత్తుకుంది. పేరు అడిగిన చోట ఈసారి వేరే మాటలు కొట్టింది. ఆ లోయలన్నీ మళ్లీ దాటుతుంటే ఆవిడకు విసుగే రాలేదు. పగకు ఉన్న ఓపిక ప్రేమకు కూడా ఉండదేమో!

"చివర్లో ఏముందక్కా?" అని తమ్ముడు అడగనే అడిగాడు.

"రాయి ముందు దీపం పెడతావు, అంతే. కళ్లు చెమరుస్తాయిరా" అంది. అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఆదివారం మధ్యాహ్నం వాడు లైవ్ పెట్టాడు. అక్క హాల్లో కూర్చుని ఫోన్లో చూసింది. మునిగిపోయిన ఊళ్లో గడియారాలు బాగుచేసే ఆట, పడవ నడిపే ఆట అంటూ ఒక్కోటీ చెప్పుకొచ్చాడు. మాటలన్నీ ఆవిడవే, మధ్యలో నిట్టూర్పులతో సహా. "ఇక ఈ ఏడు నా గుండె పిండేసిన ఆట" అంటూ దీపధారి తెరిచాడు. నాలుగడుగులు నడిచి, గొంతు ముందే బొంగురు చేసుకుని, దీపం పెట్టాడు. రాయి మీద అక్షరాలు ఒకటొకటిగా వెలిగాయి.

'ఇంత దూరం దీపం మోసినది: మా అక్క. నేను సోఫాలో చిప్స్ తిన్నాను.'

తమ్ముడి ముఖాన కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు. కింద మెసేజ్‌లు వరద కట్టాయి. అక్క సోఫాలో వెనక్కి వాలింది. ఇన్నాళ్ల మంట మీద ఎవరో చల్లటి నీళ్లు పోసినట్టయింది.

ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. వాడు అంతలోనే పకపకా నవ్వాడు. "ఎలా ఉంది ఫ్రెండ్స్ మా ప్లాన్? అక్కా, రా, రా! ఇదంతా మేమిద్దరం కలిసి చేసిన తమాషా!"

జనం కూడా నవ్వారు. అన్నయ్యా నువ్వు మామూలోడివి కాదన్నారు. అక్క కళ్లు ఎర్రబడ్డాయి. ఆఖరికి తన పగ కూడా వాడి ఖాతాలోకే పోయింది.

అమ్మ పరుగున వచ్చింది. "వెళ్లి అవునని చెప్పి రావే. నలుగురిలో వాడి పరువు పోతుంది."

"వెళ్తానమ్మా" అంది అక్క.

గదిలోకెళ్లి తమ్ముడి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "తమాషానే అండీ. ఆడిందంతా మా తమ్ముడే. కావాలంటే మొదట్నుంచి ఆడి చూపిస్తాడు" అని కొత్త ఆట మొదలుపెట్టి, కంట్రోలర్ వాడి చేతికిచ్చింది.

మొదటి గదికి తలుపు కనబడదు. దీపం ఆర్పితేనే గోడ సందులోంచి బయటి వెలుతురు తెలుస్తుంది. ఈ ఆట మొదలుపెట్టిన ఎవడైనా దాటే గది అది. వాడు ఆడుతుంటే తెర మీది మనిషి గోడలకు గుద్దుకుంటూ గుండ్రంగా తిరిగాడు. గెంతబోయి కూర్చున్నాడు, కూర్చోబోయి దీపం పైకెత్తాడు. మెసేజ్‌లు ముందు తగ్గాయి, తర్వాత మళ్లీ పెరిగాయి, ఈసారి వేరే రకంగా. తమ్ముడు పెదవులు కదలకుండా, "అక్కా, ఏ బటన్?" అన్నాడు. మైకు దాన్ని అందరికీ వినిపించింది.

అక్క వేలు దానంతటదే కదలబోయింది. చిన్నప్పటి నుంచీ అలవాటు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

అమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఇక చాల్లేవే, ఆపెయ్" అని కెమెరా వైపు చెయ్యి చాచింది.

"ఉండమ్మా" అంది అక్క. "వాడింకా మొదటి గదిలోనే ఉన్నాడు."