పసుపు అంటిన కాగితం

అన్నం వార్చిన గంజిని ఫణిశ్రీ పారబోయకుండా గిన్నెలో పట్టింది. తను చేసే కాగితానికి ఆ గంజి పూత లేకపోతే అచ్చు సిరా ఊరిపోతుంది. పాత పేపర్లు, ఈ హిందీ ఊళ్లో పండరీ బజారు బట్టల కొట్లవాళ్లు పారేసే నూలు ముక్కలు నానబెట్టాలి. మిక్సీలో మెత్తగా రుబ్బి, జాలీ చట్రంతో ఒక్కో పొర తీసి, రాతి బరువు కింద నీళ్లు దించి, డాబా మీద ఆరబెట్టాలి. ఇంట్లో దానికి 'చెత్త పని' అని పేరు. "వంట మిక్సీలో ఈ కచరా ఏటే?" అని అత్తగారు వరహాలమ్మ విసుక్కునేది. "ఖాళీగా ఉంది కదా, టైంపాస్ చేసుకోనీ" అని భర్త యుగంధర్ నవ్వేవాడు. పిల్లల టిఫిన్లూ, మామగారు భీమారావు మందులూ అయ్యాక మిగిలిన ఆ కాస్త ఖాళీ ఎవరి దయో మరి!

మోవా కాలనీలో కొత్తింటి గృహప్రవేశం అనేసరికి చెత్త పని కాస్తా 'మనింటి హ్యాండ్‌మేడ్' అయిపోయింది. శుభలేఖలన్నిటికీ కాగితం తనే చేసింది. చేతులు నీళ్లలో నాని పాసిపోయాయి. అచ్చయి వచ్చిన కార్డుల మూలలకు వరహాలమ్మ పసుపు రాస్తుంటే, ఫణిశ్రీ ఒకటి తీసి చదివింది. ఆహ్వానించువారు: శ్రీమతి & శ్రీ భీమారావు, శ్రీమతి & శ్రీ యుగంధర్.

"నా పేరేదండీ?"

"శ్రీమతి అంటే నువ్వేగా. క్యా ఫరక్ పడ్‌తా హై, ఏంటి తేడా?" ఫోన్లోంచి తలెత్తకుండానే అన్నాడు యుగంధర్.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఏడుపు మాత్రం రాలేదు. గ్యాసు బండ ఆయన పేరు మీద, గుమ్మం పలక మామగారి పేరు మీద. పోనీ, తన చేత్తో తీసిన కాగితం మీదైనా తను ఉండకూడదా? కార్డుల కట్ట ఎత్తి, పరపరా చింపి నీళ్ల టబ్బులో వేసింది.

"పసుపు రాసిన శుభలేఖలు సింపుతావేటే! అరిష్టం!"

"పారెయ్యట్లేదు అత్తయ్యా, నానబెడుతున్నా. మళ్లీ చేస్తాను."

"పాగల్ అయ్యావా? ఆదివారం నుంచి పంచాలి!" యుగంధర్ లేచి నిలబడ్డాడు.

"పేర్లు నేను రాసిస్తాను, అలాగే వేయించండి. లేదంటే కాగితం బజార్లో కొనుక్కోండి."

వరహాలమ్మ పసుపు వేలితో కార్డు మీది మొదటి 'శ్రీమతి'ని తడిమింది. తర్వాత తన ఒళ్లో మిగిలిన కార్డులు తనే టబ్బులోకి జార్చింది. "వరహాలమ్మ అని ఎయ్యించు. అచ్చులో నా పేరు ఎలాగుంటాదో ఎప్పుడూ సూడలేదు" అంది.

మర్నాడు పొద్దున ఇడ్లీల ముందు కూర్చుని యుగంధర్ వంటింట్లోకి కేకేశాడు. "చట్నీ ఏదీ?"

మిక్సీలో గుజ్జు లేత పసుపు రంగులో తిరుగుతోంది.

"మిక్సీ ఖాళీగా లేదండీ," అంది ఫణిశ్రీ. "నేనూ లేను."