తలుపు బయట కూర్చున్న నీడ

ఆసుపత్రి ఆయాకి తెల్లారితే దుప్పట్లు మార్చడం, ముసలివాళ్ళని పక్కకి తిప్పడం, వాళ్ళ సణుగుడికి ఊఁ కొట్టడం. ఎవరికైనా ఆఖరి ఘడియ వచ్చిందంటే మాత్రం పెద్ద డాక్టరు పిలిచినా కదిలేది కాదు. చెయ్యి పట్టుకుని, "నేనున్నా పెద్దాయనా, ఎక్కడికీ పోలేదు" అంటూ కూర్చునేది. ఆ ఓపిక చూసే పరదేశపు వృద్ధాశ్రమం వాళ్ళు ఏరికోరి ఉద్యోగమిచ్చారు.

ప్రయాణానికి ముందు అందరిలాగే తన నీడని పంపింది. నీడలకి టిక్కెట్టు అక్కర్లేదు కదా, అక్కడి పద్ధతులు నేర్చుకుని తిరిగొస్తాయి. అది లేనన్నాళ్ళూ ఒళ్ళు తేలిగ్గా ఉందని మురిసిపోయింది, పిచ్చిమొహం.

తిరిగొచ్చిన నీడ రమ్మనేదాకా గుమ్మం దాటలేదు. "దీని మర్యాద మండిపోనూ!" అని మంచంలోంచి మేనత్త పకపకా నవ్వి దగ్గు తెచ్చుకుంది. తల్లి పోయాక ఆయాని పెంచింది ఆవిడే. ఊపిరితిత్తులు పాడై మంచం పట్టింది. ఆవిడ కోసమే ప్రయాణం వాయిదా పడుతూ వస్తోంది.

వెళ్ళేవాళ్ళకి పెట్టే క్లాసులో టీచరమ్మ చెప్పింది: "అక్కడ మనిషి పోయేటప్పుడు గదిలో ఎవరూ ఉండరు. తలుపేసి బయట కూర్చుంటారు. అదే వాళ్ళ గౌరవం."

"గౌరవమా? దిక్కులేని చావంటారు దాన్ని!" అంది ఆయా.

"ఆ మాట అక్కడ అన్నారంటే మర్నాడే ఇంటికి పంపేస్తారు. మీ నీడ నేర్చుకుంది గానీ మీరు నేర్చుకోలేదమ్మా."

ఆయా విసురుగా ఇంటికొచ్చి, "నాకొద్దత్తా ఆ ఉద్యోగం. రాతిగుండెలు వాళ్ళవి" అనేసింది.

ఒక మధ్యాహ్నం మేనత్త ఊపిరి గురగురమంది. ఆ చప్పుడు ఆయాకి తెలియనిది కాదు. గబగబా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నీడ మాత్రం సాగి సాగి గది దాటి బయట చతికిలబడింది.

మేనత్త దానివంక చూసి, "దానికున్న తెలివి నీకు లేదే" అంది.

"ఏంటత్తా?"

"నువ్విలా చూస్తుంటే నేను పోలేనే తల్లీ. నొప్పి లేనట్టు మొహం పెట్టీ పెట్టీ అలిసిపోయాను. ఈ ఒక్కసారికి నన్నొదిలెయ్. తలుపేసి వెళ్ళు."

ఆయా పట్టుకున్న చెయ్యి వదిలింది. ఇన్నాళ్ళూ తను చెయ్యి పట్టుకున్నవాళ్ళలో ఎంతమంది వదలమని చెప్పలేకపోయారో! అడుగుదామంటే ఎవరున్నారు?

తలుపేసి నీడ పక్కన కూర్చుంది. లోపల్నించి మేనత్త మూలుగు వినిపించింది. ఇన్ని రోజుల్లో ఒక్కనాడూ వినని మూలుగు. ఇదంతా తన కోసం మింగిందా అని ఆయా నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. లేవబోయినప్పుడల్లా నీడ కొంగు పట్టి ఆపింది. కాసేపటికి లోపల చప్పుడు ఆగిపోయింది.

పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది. "ఒక్కదాన్నీ వదిలేసి బయట కూర్చున్నావా? కన్నతల్లికంటే ఎక్కువగా పెంచిందే! అసలు మనిషివేనా నువ్వు?"

ఆయా నోరు తెరిచింది. అత్తే పొమ్మందంటే ఎవరు నమ్ముతారు? ఇదే మాట ఇంకెవరైనా చెప్పుంటే, మొన్నటిదాకా తనైనా నమ్మేదా? తల దించుకుంది. ఆ తర్వాత వీధిలో ఆయాని పలకరించినవాళ్ళు లేరు.

కొన్నాళ్ళకి ఆయా పెట్టె సర్దుకుంది. సాగనంపడానికి ఒక్కరూ రాలేదు. నీడ ముందు నడిచింది. ఆయా దాని వెనకాలే వెళ్ళిపోయింది.